పేక దాచేసి ఫోను చేతికిచ్చారు

ఈ మధ్య మా బంధువర్గంలో ఒక కొత్త నియమం పుట్టింది. ఇంట్లో పేకముక్క కనబడకూడదట. పండక్కి పాతికమంది చేరినా, పెళ్ళి విడిదిలో రాత్రంతా ఖాళీగా కూచున్నా, శివరాత్రి జాగరణైనా సరే, పేక తీయడానికి వీల్లేదు. మొన్న ఒక గృహప్రవేశంలో మా పెద్దమావయ్యగారి అబ్బాయి బ్యాగులోంచి పేక బయటికి తీస్తే, వాళ్ళావిడ గభాల్న చెయ్యి పట్టుకుని ఆపింది. "పిల్లలున్నారు" అంది, అదేదో మందు సీసా తీసినట్టు. ఆ పిల్లలేమో అదే గదిలో గోడవార వరసగా కూచుని ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగి ఉన్నారు. అందులో ఏం చూస్తున్నారో ఒక్కరూ అడగలేదు.

ఈ నియమం పెట్టింది మగవాళ్ళు కాదు, మనమే. భయంతో పెట్టాం. ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు బాగా తెలుసు కాబట్టి ఎవర్నీ తేలిగ్గా మాట్లాడను. కానీ భయపడాల్సిన దాన్ని వదిలేసి పక్కదాన్ని కొడుతున్నాం. అది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఆ భయం సంగతి. మా దగ్గరి చుట్టాల్లో ఒక అబ్బాయి ఉన్నాడు. ఇరవయ్యారేళ్ళు. బుద్ధిమంతుడు, హైదరాబాదులో మంచి ఉద్యోగం. సంక్రాంతికి ఇంటికొచ్చినవాడు అర్ధరాత్రి రెండింటికి ఫోను పట్టుకుని బాత్రూములోకి వెళ్ళడం వాళ్ళమ్మ గమనించింది. ఎవరైనా అమ్మాయేమో అనుకుని లోలోపల కాస్త సంతోషపడింది కూడా. అమ్మాయి కాదు, రమ్మీ. ఏడాదిన్నరలో జీతం పోయింది, స్నేహితుల దగ్గర చేసిన అప్పు పోయింది, అప్పులిచ్చే యాప్‌లలో తీసుకున్నది పోయింది. వసూలుకి ఫోన్లు చేసేవాళ్ళు వాళ్ళ నాన్నగారి ఆఫీసు నంబరు దాకా వచ్చాక గానీ ఇంట్లో తెలియలేదు. ఆవిడ గాజులు నాలుగూ తీసి ఇచ్చింది. వదినా, వాడు మన ఇంట్లో కూచునే పోగొట్టాడు, నేను పక్కగదిలో టీవీ చూస్తున్నాను అని నాతో అంది. ఆ మాట నేను మరిచిపోలేను.

ఇది జరిగిన నెలకి మా వాళ్ళందరి ఇళ్ళలోనూ పేకలు మాయమైపోయాయి. ఆవిడైతే మామగారి కాలంనాటి పేక, చెక్కపెట్టెలో పెట్టుకున్నది, పొయ్యిలో వేసేసింది. ఆ అబ్బాయి మాత్రం ఆ పేకని జన్మలో ముట్టుకోలేదు! వాడికి ముక్కలు కలపడం కూడా రాదు. నేనే అడిగాను. "ఫోనే కలిపేస్తుంది కదా అత్తా" అన్నాడు.

నాకు రమ్మీ నేర్పింది మా అమ్మ. తణుకులో మేమున్న వీధిలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆడవాళ్ళ ఆట ఉండేది. అందరి వంటలూ అయి, అంట్లు తోమడం అయి, మగవాళ్ళు ఆఫీసుల్లో, పిల్లలు బళ్ళలో ఉండే సమయం. నలుగురైదుగురు మా వసారాలో చాప మీద చేరేవాళ్ళు. పందెం చింతపిక్కలు. ఒక్కొక్కరూ ఎనభై పిక్కలు లెక్కపెట్టి ముందు పోసుకుని కూచునేవారు. పిక్కలే కదా అని ఎవరూ తేలిగ్గా ఆడేవారు కాదు. ఎదురింటి పిన్నిగారు ఫుల్ కౌంటు ఇవ్వాల్సొస్తే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు. మా అమ్మకి ఎవరు ఏ ముక్క పారేశారో ఆట చివరి దాకా గుర్తుండేది. "మీరు ఇందాక కళావరు తొమ్మిది పారేసి ఇప్పుడు ఎనిమిది ఎత్తుకున్నారేమిటండీ" అని అడిగితే అవతలివాళ్ళ మొహం మాడిపోయేది. ఇంటి లెక్కలు చీటీ మీద రాసుకునే ఆవిడకి ఈ జ్ఞాపకశక్తి ఉందని మా నాన్నగారికి తెలియనే తెలియదు. ఆయన ఆవిడతో ఎప్పుడూ ఆడలేదు కదా.

ఆయన ఆట వేరు. ఆదివారం సాయంత్రం, బ్యాంకు స్నేహితులు, హైస్కూలు మేష్టార్లు ఇద్దరు, ఒక హోమియోపతీ డాక్టరుగారు. పదమూడు ముక్కలాట, రెండు పేకలు కలిపి. పాయింటుకి పైసా. అంటే ఎంత ఘోరంగా ఓడినా ఒక ఆటకి 80 పైసలు. మొదట్లోనే పడేస్తే 20, మధ్యలో పడేస్తే 40. రాత్రంతా చెయ్యి బాగోకపోయినా అయిదారు రూపాయలు దాటిపోయేది కాదు. గెలిచినవాడు ఓడినవాడికి రిక్షా డబ్బులిచ్చి పంపడం రివాజు. పది కొట్టగానే మా అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడేది. ఏమీ అనేది కాదు. నాన్నగారు "ఆఖరాట" అనేవారు. నిజంగానే అది ఆఖరాట అయ్యేది, ఎందుకంటే ఆ తర్వాత ఆవిడ లైటు తీసేసేది. రెండుసార్లు తీసేసింది కూడా. చేతిలో రెండు జోకర్లున్న డాక్టరుగారు చీకట్లో "అమ్మా తల్లీ!" అని మొత్తుకోవడం నాకింకా గుర్తే.

ఆ సమూహంలో లెక్కల మేష్టారొకాయనకి ఆట పిచ్చి పట్టుకుంది. ఆదివారం చాలక వేరే చోట్లకి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ పందేలు పెద్దవి. ఒకరోజు వాళ్ళావిడ మా పెరటి గుమ్మంలోంచి వచ్చింది. కరివేపాకు కోసం వచ్చినట్టు వచ్చి, నూతి పళ్ళెం దగ్గర కూచుని మా అమ్మకి మొత్తం చెప్పింది. అమ్మ రాత్రి నాన్నగారికి చెప్పింది. ఆ తర్వాతి ఆదివారం మేష్టారు వచ్చేసరికి చాప మీద పైసలు లేవు, చింతపిక్కలున్నాయి. నాన్నగారు "మా ఆవిడ చిల్లరంతా ఉప్పుకీ పప్పుకీ వాడేసింది, కొన్నాళ్ళు ఇవే" అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మేష్టారి వంక చూడలేదు. ఆరునెలలు పిక్కలతోనే ఆడారు. ఆయన్ని మానమనలేదు, రావద్దనలేదు. ఆయన ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. మిగతా చోట్లకి వెళ్ళడం తగ్గిందని వాళ్ళావిడ తర్వాత మళ్ళీ కరివేపాకు కోసం వచ్చినప్పుడు చెప్పింది. పూర్తిగా మానేశారా అంటే, లేదు. నేను కథ అందంగా చేసి చెప్పను.

ఇప్పుడు చెప్పండి, ఫోన్లో పెరటి గుమ్మం ఎక్కడుంది? గాజులిచ్చిన ఆ తల్లి ఎవరి దగ్గరికి కరివేపాకు కోసం వెళ్ళాలి? ఆ అబ్బాయితో రాత్రి రెండింటికి ఆడినవాళ్ళు ఎవరో వాడికే తెలియదు. ఏదో పేరు, ఏదో బొమ్మ. వాడు జీతమంతా పోగొట్టుకున్న రాత్రి "ఒరేయ్, ఇంక చాల్లేరా, ఇంటికెళ్ళు" అనడానికి ఎదురుగా మనిషి లేడు. పైగా ఆట ఆపి రెండు రోజులైతే, మళ్ళీ రండి, ఇంత బోనసు ఇస్తాం అని వాడికి సందేశం వచ్చేదట. మా నాన్నగారు మేష్టారికి పెద్ద పందేలవాళ్ళతో పాటు కబురుపెట్టి, రండి, మీకోసం రెండు రూపాయలు మేమే పెడతాం అన్నట్టన్నమాట.

"పేకాట పేకాటే, ఇంట్లో ఆడినా ఫోన్లో ఆడినా ఒకటే" అంటారు. ఈ మాట అనేవాళ్ళంటే నాకు కోపం, ఎందుకంటే ఆ యాప్‌లవాళ్ళు ఇన్నేళ్ళూ చెప్పింది సరిగ్గా ఇదే మాట. వాళ్ళ ప్రకటనలు గుర్తున్నాయా? ఇంటిల్లిపాదీ, పండగ, నవ్వులు, మావయ్యలు, బామ్మలు. మన వసారాని, మన చాపని తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మానికి తోరణం కట్టుకున్నారు. మీ ఇంట్లో ఆడుకున్నదే ఇది, భయమెందుకు అన్నారు. ఇప్పుడు మనం, ఔను, రెండూ ఒకటే, కాబట్టి ఇంట్లోదీ తగలబెడదాం అంటున్నాం.

రెండూ ఒకటి కాదని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మనం రోజూ చేసే లెక్కే. ఆరుగురు తలో వంద పెట్టి మా ఇంట్లో ఆడారనుకోండి. చాప మీద ఆరువందలున్నాయి. రాత్రి లేచేసరికి ఒకడి దగ్గర ఎక్కువ, ఒకడి దగ్గర తక్కువ, కానీ మొత్తం కూడితే ఆరువందలే. నాకు, అంటే ఇల్లు గలావిడకి, రూపాయి రాదు. పైగా పాలు, పంచదార, టీపొడి, కిలో శనగపిండి, నూనె నావే. ఇంట్లో ఆట జరిగితే తప్పకుండా ఓడిపోయేది ఒకే ఒక మనిషి, వంటింట్లో ఉన్నావిడ. ఇప్పుడు అదే ఆట యాప్‌లో. ప్రతి ఆటలోంచీ ఆడించేవాడు కొంత శాతం తీసుకుంటాడు. పది శాతం అనుకుందాం. మొదటి ఆటకి అరవై అతనికి. ఆ ఆరుగురూ అలాగే వందలు పెట్టుకుంటూ పది ఆటలు ఆడితే, మొదట చాప మీదున్నంత డబ్బు, ఆరువందలు, అతని పెట్టెలోకి చేరిపోయింది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది అతనికి అనవసరం. ఆట ఆగకుండా ఉంటే చాలు. పాలు కాచిన ప్రతిసారీ మీగడ తీసేస్తూ పోతే చివరికి గిన్నెలో ఏం మిగులుతుందో మనకి తెలియదా? 2023 అక్టోబరు నుంచి జమచేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ కూడా వచ్చి పడింది. ఆ మీగడలో ప్రభుత్వానికీ ఒక చెంచా.

నేను ఆటని సమర్థిస్తుంటే మా మరిది "అయినా వదినా, రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటని సుప్రీంకోర్టే చెప్పింది కదా, మరి ఫోన్లో ఆడితే తప్పేముంది" అన్నాడు. ఈ మాట ఆ అబ్బాయి కూడా వాళ్ళ నాన్నతో అన్నాడట. అందరి నోటా ఇదే కాబట్టి అసలు ఆ తీర్పులో ఏముందో చెప్పాలి. అది మన దగ్గర పుట్టిన కేసే. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పొచ్చింది. మూడు ముక్కలాటలా రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అన్నారు. మా అమ్మకి తెలిసిన సంగతే. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ఆ ఇంటి యజమానో క్లబ్బో ఆ ఆట మీద లాభం చేసుకుంటుంటే అప్పుడది నేరం కావచ్చు అని. అర్ధశతాబ్దం పాటు కంపెనీలు మొదటి మాటని పటం కట్టి గోడకి తగిలించాయి. రెండో మాట మాత్రం ఆ పటంలో కనబడదు.

చూశారా, కోర్టు కూడా అడిగింది పేకముక్క మంచిదా చెడ్డదా అని మాత్రమే కాదు. ఇంటివాడు ఏం తీసుకుంటున్నాడు అని కూడా అడిగింది.

ఇది మన దేశం గొడవ మాత్రమే కాదు. మా చెల్లెలు డల్లాస్ దగ్గర ఉంటుంది. పోయినసారి వెళ్ళినప్పుడు రెండు శుక్రవారాలు వాళ్ళింట్లో పోకరు ఆట చూశాను. అంతా మనవాళ్ళే, గుంటూరు, వరంగల్లు, కాకినాడ. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. రంగురంగుల బిళ్ళలు. తలో ఇరవై డాలర్లు పెట్టి కూచుంటారు. అవి అయిపోతే ఆ రాత్రికి అంతే, లేచి పిల్లల్ని నిద్రపుచ్చడమో ప్లేట్లు కడగడమో చెయ్యాలి. మా చెల్లెలు పెట్టిన నియమం అది. నేను భయపడి "ఇక్కడ పోలీసులు పట్టుకోరుటే?" అంటే మా మరిదిగారు చెప్పారు. టెక్సాస్ చట్టంలో జూదం నేరమే. కానీ సొంత ఇంట్లాంటి చోట ఆడి, గెలిచిన సొమ్ము తప్ప ఎవరూ వేరే లాభం పొందకుండా, ఆటలో ఓడే గెలిచే అవకాశం అందరికీ సమానంగా ఉంటే, ఆ మూడూ ఉంటే, తప్పించుకోవచ్చునట. మళ్ళీ అదే ప్రశ్న. ఇంటివాడికి వాటా ఉందా? సికింద్రాబాదు క్లబ్బు మీద దాడి చేసినవాళ్ళకీ టెక్సాస్‌లో చట్టం రాసినవాళ్ళకీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఇద్దరూ వచ్చి ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు.

ఆ డల్లాస్ ఆటలో నాకు ఇంకా నచ్చినదొకటి ఉంది. మా చెల్లెలి తోడికోడలు, వరంగల్లు పిల్ల, పోకర్లో అందర్నీ ముంచేస్తుంది. మొహంలో ఏమీ కనబడనివ్వదు. చేతిలో ఏమీ లేకపోయినా బిళ్ళలు ముందుకి తోసేసి తాపీగా జీడిపప్పు తింటుంది. "ఇదెక్కడ నేర్చావే?" అంటే, "మా అత్తగారింట్లో అక్కా, కొత్తకోడలిగా మూడేళ్ళు" అంది.

తెలంగాణలో 2017లోనూ ఆంధ్రాలో 2020లోనూ ఫోన్లో డబ్బాట నిషేధించారు. మా అబ్బాయి లాంటివాళ్ళు ఫోను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడారు. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదన పక్కన పెట్టి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించడమే నేరమంది. మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ఆడించేవాళ్ళకి. ఆడినవాణ్ణి బాధితుడి కిందే వదిలేశారు. పెద్ద కంపెనీలు డబ్బాటలు ఆపేశాయి. నేను ఆ రోజు పాయసం చేశాను, నిజంగా. కానీ విదేశాల నుంచి నడిపే సైట్ల లింకులు మన పిల్లల ఫోన్లలోకి ఇంకా వస్తూనే ఉన్నాయి. చట్టం మన పక్కగదిలోకి వచ్చి టీవీ కట్టేసి చూడలేదు కదా. ఆ పని మనదే.

ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. పేకముక్క అమాయకురాలేమీ కాదు. గోదావరి జిల్లాల్లో పుట్టిన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సంక్రాంతి బరుల పక్కన గుండాట, లోపలా బయటా, మామిడి తోటల్లో పేకాట శిబిరాలు, అక్కడ పొలాల కాగితాలు చేతులు మారడం అన్నీ విన్నాం, కొన్ని చూశాం. మా అమ్మమ్మగారి ఊళ్ళో అలా ఒక మేడ పోయింది. కానీ ఆ శిబిరాలు జాగ్రత్తగా చూడండి. అక్కడా ఆడించేవాడొకడున్నాడు, వాడికి వాటా ఉంది. అక్కడా అప్పిచ్చేవాడు చెట్టు కిందే కూచుని ఉంటాడు. ఇంటి ఆడది ఆ తోటలోకి వెళ్ళలేదు. లైటు తీసేయడానికి అక్కడ ఆమెకి స్విచ్చి లేదు. యాప్ అంటే ఆ మామిడితోటే, జేబులో పట్టేంత చిన్నదిగా చేసి ఇచ్చారు. మా వసారాకీ దానికీ చుట్టరికం ముక్కల మీది బొమ్మల వరకే.

ఇంకొందరు ధర్మరాజుని తెస్తారు. తేనివ్వండి. ఆ సభలో జరిగింది ఇంటాటేనా? పందెం పెట్టింది దుర్యోధనుడు, పాచికలు వేసింది శకుని. ఒకరి డబ్బు, ఇంకొకరి చెయ్యి. పనిగట్టుకుని పిలిపించి ఆడించారు. పెద్దవాళ్ళందరూ వరసగా కూచుని చూశారు, ఆపినవాడు లేడు. విదురుడొకడు వద్దు వద్దన్నాడు, ఎవరూ వినలేదు. ద్రౌపది ఆ సభలో లేనే లేదు, అంతఃపురంలో ఉంది. ఆవిణ్ణి పందెంలో పెట్టాక గానీ తీసుకురాలేదు. వచ్చీరాగానే ఆవిడ వేసిన ప్రశ్నకి భీష్ముడంతటివాడు నీళ్ళు నమిలాడు. ఆవిడ మొదటి పందేనికే ఆ గదిలో కూచుని ఉంటే? నేనూరికే అనుకుంటూ ఉంటాను. అంత పెద్ద కథలోంచి, ఇంట్లో పేక ఉండకూడదు అన్నదొక్కటే ఏరుకున్నాం మనం. ఆడది ఆ గదిలో ఉండాలి అన్నది ఎందుకు ఏరుకోలేదో!

అసలు నా కోపమంతా ఇక్కడే ఉంది. ఇన్నేళ్ళూ ఇంటాటకి కాపలా మనమే. గుమ్మంలో నిలబడింది మనం, లైటు తీసేసింది మనం, పెరటి దారిన వచ్చిన కబురు విన్నది మనం. బజ్జీలు వేసిందీ మనమే. కానీ చాప మీద మనకి చోటు లేదు. మగవాళ్ళు ఆడితే కాలక్షేపం, నలుగురు ఆడవాళ్ళు మధ్యాహ్నం పేక పడితే "ఇంట్లో పనేం లేదా" అని. మా అమ్మ వాళ్ళు మూడున్నరకల్లా పిక్కలు డబ్బాలో పోసి, చాప చుట్టి, ముక్కలు బియ్యం డబ్బా వెనక పెట్టేసేవారు. మా నాన్నగారి పేక మాత్రం హాల్లో రేడియో పక్కన ఠీవిగా ఉండేది. ఆ భేదం అప్పట్లో నాకు వింతగా అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది.

ఇప్పుడు పేకనే తీసేస్తే ఏమవుతుంది? మగవాళ్ళు ఆడటం మానరు, క్లబ్బుకి వెళ్తారు. పిల్లలు మానరు, ఫోన్లోకి వెళ్తారు. మనకి కనబడే చోట జరిగేది కనబడని చోటికి పోతుంది, అంతే. పదేళ్ళ పిల్ల చింతపిక్కలతో ఆడి ముప్ఫై పిక్కలు పోగొట్టుకుని ఏడుస్తుందే, ఆ ఏడుపు చాలా అవసరమండీ. చేతిలో బాగా వచ్చిన ముక్కలతో కూడా ఓడిపోవచ్చని, పోయినదాన్ని రాబట్టుకుందామని కూచుంటే ఇంకా పోతుందని ఆ వయసులో, పిక్కల ధరకి తెలియాలి. ఇరవయ్యారేళ్ళకి, జీతం ధరకి కాదు. మా చుట్టాలబ్బాయి చిన్నప్పుడు ఎవరి చేతిలోనూ ఒక్క ఆటా ఓడలేదు. వాళ్ళింట్లో ర్యాంకుల కోసం కారమ్‌బోర్డు కూడా అటక మీదికి ఎక్కించారు.

"మీకేమ్మా, మీ ఇంట్లో ఎవరూ పోగొట్టలేదు కాబట్టి చెప్తారు" అంటారని తెలుసు. అందుకే ఆ అబ్బాయి తల్లితోనే మాట్లాడాను. పేక కాల్చేసినందుకు నేనేమీ అనలేదు, ఆవిడ బాధ ఆవిడది. వాడు వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాడు, జీతం తల్లి ఖాతాలో పడుతోంది, ఫోను రాత్రి పదికి హాల్లో చార్జింగ్‌కి పెట్టాలి. ఇవన్నీ మంచి పనులు. అలాంటి అలవాటు పడ్డవాణ్ణి పిలిచి, రా, సరదాగా రమ్మీ ఆడదాం అనేంత తెలివితక్కువదాన్ని నేను కాను. వాడొచ్చిన రోజు మా ఇంట్లో అష్టాచెమ్మా ఉంటుంది. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడి చెమ్మా వస్తే గెంతులు వేస్తాడు, చూడ్డానికి బాగుంటుంది.

మిగతావాళ్ళకి మాత్రం ఈ శివరాత్రికి మా ఇంట్లో ఆట ఉంది. చుట్టాలందరికీ కబురు పెట్టేశాను, ఇద్దరు కోప్పడ్డారు, ఏడుగురు వస్తామన్నారు. పావలాలు 2011లోనే చెల్లకుండా పోయాయి కాబట్టి పందెం రూపాయి బిళ్ళలు, మనిషికి యాభై, అంతకు మించి జేబులోంచి తీయడానికి లేదు. అప్పులు లేవు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో. ఉపవాసం ఉన్నవాళ్ళకి పళ్ళు, లేనివాళ్ళకి ఉప్మా. టీ మాత్రం ప్రతి ఆటలో ఎవరికి ఎక్కువ కౌంటు వస్తే వాళ్ళు పెట్టాలి, మగవాళ్ళయినా సరే. పంచదార ఎక్కడుందో డబ్బాల మీద రాసి అంటించాను. మొదటి ఆట నేను పంచుతాను.